విశాఖ నుంచి విదేశానికి: ఐదో ఏట చేతిలో ఏముంటుంది?

ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ దాటి డైమండ్ పార్క్ వైపు నడిస్తే చాలా మేడల మీద ఏదో ఒక దేశం జెండా కనిపిస్తుంది. మెట్ల పక్కన ఐఈఎల్‌టీఎస్ క్లాసుల ఫ్లెక్సీలు, జర్మన్ ఏ1 (తొలి మెట్టు) బ్యాచ్ మొదలయ్యే తేదీ. లోపల ఏసీ గదిలో కౌన్సెలర్ ఎదురుగా తండ్రీకొడుకులు కూర్చుని ఉంటారు. కొడుకు మార్కుల లిస్టు ముందుకు జరుపుతాడు. తండ్రి ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "ఇప్పుడు ఏ దేశం నడుస్తోందండీ?"

ఆ ప్రశ్నకు జవాబు రెండేళ్లకోసారి మారుతోంది. కొన్నాళ్లు కెనడా అన్నారు, తర్వాత బ్రిటన్ అన్నారు, ఇప్పుడు జర్మనీ పేరు ఎక్కువగా వినబడుతోంది. నడుస్తున్న దేశం అంటే ఈ సీజన్‌లో వీసాలు కాస్త తేలిగ్గా వస్తున్న దేశమని అర్థం. వీసా స్టాంపు పడ్డాక అక్కడ గడపాల్సిన జీవితం గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

మొదటి జీతం ఎంతొస్తుందో అడిగే ముందు, ఐదో ఏట ఆ దేశంలో మన హోదా ఏమిటో అడిగితే లెక్క మొత్తం మారిపోతుంది. ఐదేళ్లే ఎందుకంటే, చాలా దేశాల్లో స్థిర నివాసం, పౌరసత్వం, గ్రాట్యుటీ, పింఛను హక్కు లాంటివి ఆ చుట్టుపక్కలే తేలతాయి. వెళ్లిన మనిషి జీవితం కూడా ఆపాటికి ఒకచోట ఆగి ఉండదు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, విశాఖలో నాన్నకు షుగరో గుండె జబ్బో బయటపడుతుంది. కొత్త చోటుకు అలవాటు పడటం కూడా చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియని ఊళ్లో ఎవరూ మంచం కొనరు. నేల మీద పరుపు, గోడ పక్కన సూట్‌కేసు, దాని మీదే ల్యాప్‌టాప్. మూడేళ్లయినా అలాగే ఉన్న గదులు డాలస్‌లోనూ ఉన్నాయి, దుబాయ్‌లోనూ ఉన్నాయి.

విశాఖకు ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి తెలుగువాళ్లు తరాల తరబడి రంగూన్ రేవుకు, అక్కడి బియ్యం మిల్లులకు పనికి వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వచ్చిపడినప్పుడు కొండదారుల్లో నడిచి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు కొందరు. మిగిలినవాళ్లలో చాలామంది 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక, సంపాదించింది అక్కడే వదిలి ఓడ ఎక్కారు. ఆ పేటకు పేరు అలా తిరిగొచ్చినవాళ్ల వల్లే వచ్చింది. వాళ్లకు పని చేతనవును, అక్కడి భాష వచ్చు, పిల్లలు అక్కడే పుట్టారు. ఆ దేశంలో ఉండే హక్కు ఒక్కటే చేతిలో లేకపోయింది.

గాజువాక నుంచి గల్ఫ్

షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంట్, రిఫైనరీ ఉన్న ఊరు కాబట్టి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు విశాఖ నుంచి ఎప్పటినుంచో గల్ఫ్‌కు వెళ్తున్నారు. కొందరు ప్లాంటు ఆపి చేసే రెండు మూడు నెలల షట్‌డౌన్ పనులకు, కొందరు రెండేళ్ల అగ్రిమెంట్ మీద. ఇక్కడ ఐదో ఏటి ప్రశ్నకు జవాబు సూటిగా ఉంటుంది. మామూలు పనివాడికి ఆ దేశాల్లో పౌరసత్వం రాదు. ఐదేళ్లున్నా పాతికేళ్లున్నా ఉద్యోగంతో ముడిపడిన వీసాయే దిక్కు. యూఏఈ 2019 నుంచి పదేళ్ల గోల్డెన్ వీసా ఇస్తున్నా, అది పెట్టుబడిదారులు, నిపుణులు, పెద్ద జీతగాళ్ల కోసం.

అలాగని గల్ఫ్ వద్దని కాదు. తిరిగి రావడానికే వెళ్తున్నామని ముందే తెలిసినవాళ్లకు అది మంచి చోటే. జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు, ఇల్లు గంటన్నర, రెండున్నర గంటల కాలతేడాలో ఉంటుంది, డబ్బు దాచుకుంటే ఇక్కడ ఒక ఇల్లు లేస్తుంది. కానీ అప్పుడు చూడాల్సిన కాగితం వేరు. అగ్రిమెంట్‌లో మొత్తం జీతం పక్కన బేసిక్ ఎంత రాశారో చూడాలి. యూఏఈ చట్టం ప్రకారం గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాతి సంవత్సరాలకు 30 రోజులది. ఇద్దరు వెల్డర్లకు నెలకు 2,000 దిర్హాములే అనుకుందాం. ఒకరికి బేసిక్ 1,800, ఇంకొకరికి 1,000, మిగతాది అలవెన్సులు. ఐదేళ్లయ్యాక మొదటివాడికి 6,300 దిర్హాములు వస్తాయి, రెండోవాడికి 3,500. పని ఒకటే, ఎండ ఒకటే. విమానం ఎక్కే ముందు కాగితంలో ఆ ఒక్క గడి ఎవరూ చదివి చెప్పకపోవడం వల్ల వచ్చిన తేడా అది.

పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) కోవలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుని, ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద వెళ్లిపోతారు. నిజానికి ఆ క్లియరెన్స్‌తోనే అగ్రిమెంట్ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల ప్రమాద బీమా వస్తుంది. విజిట్ మీద వెళ్లినవాడికి ఇవేవీ ఉండవు. గడువు దాటితే గల్ఫ్ భాషలో ఖల్లివెల్లి అయిపోతాడు, అకామా (నివాస అనుమతి) లేకుండా దాక్కుని తిరగాలి. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగారంటే అక్కడే లేచి రావాలి.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఈ ఊరు మరిచిపోకూడదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, గదుల్లో బంధించి, మనవాళ్లనే మోసం చేసే సైబర్ నేరాలు చేయించారు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేదు. పైగా వెళ్లింది డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిన పిల్లలు, ఈసీఆర్ ముద్ర లేనివాళ్లు. చదువుకున్నవాడు జాగ్రత్తగా ఉంటాడన్న నమ్మకం మీదే ఆ నిబంధనలు నిలబడి ఉన్నాయి, ఏజెంట్లు ఆ సందులోంచే దూరారు. కంపెనీ పేరు చెప్పకుండా, వర్క్ వీసా లేకుండా, "దిగాక మారుస్తాం" అన్న ప్రతి ఆఫర్‌నూ ఆ సంఘటన పక్కన పెట్టి చూడాలి.

చదువు దారి

ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలు ఎక్కువగా పట్టేది ఈ దారి. ఇక్కడ మొదటి జీతం మాట కన్నా ముందు ఈఎంఐ ఉంటుంది. 40 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి, పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 55,000 రూపాయలు కట్టాలి. ఆ ఇన్‌స్టాల్‌మెంట్ రూపాయల జీతంతో తీరేదా, అక్కడి జీతంతోనే తీరేదా? అక్కడి జీతంతోనే అయితే, వీసా పోయిన రోజున విశాఖలోని ఇల్లు తాకట్టు మీద ఉంటుంది. అందుకే చదువు వీసా తర్వాత ఏముందో ముందే చూడాలి.

అమెరికాలో మాస్టర్స్ అయ్యాక 12 నెలలు పని చేసుకునే ఓపీటీ అనుమతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సైతే మరో 24 నెలలు. ఆ మూడేళ్లలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. లాటరీ తగిలినా గ్రీన్ కార్డు దగ్గర మళ్లీ క్యూ. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల, 2025లో ఈబీ-2 (ఉన్నత చదువుల ఉద్యోగుల వర్గం) కింద భారతీయుల వంతు ఇంకా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. అమెరికా జీతాలు పెద్దవే, అక్కడి విశ్వవిద్యాలయాలూ గొప్పవే. కానీ ఐదో ఏట చేతిలో ఏముంటుందంటే, చాలామందికి క్యూలో ఒక నంబరు. అది తెలిసి, దానికి సిద్ధపడి వెళ్లడం వేరు.

కెనడా, ఆస్ట్రేలియాల్లో పాయింట్ల పద్ధతి ఉంది కాబట్టి వెళ్లకముందే మన స్కోరు మనమే వేసుకోవచ్చు. ఆస్ట్రేలియాకు కనీసం 65 పాయింట్లు, వయసు 45 నిండకూడదు. అక్కడి అనువాదకుల సంస్థ ఎన్‌ఏఏటీఐ పెట్టే భాషా పరీక్షలో తెలుగు-ఇంగ్లీషు సంభాషణలను అటూ ఇటూ అనువదించి పాసైనా 5 పాయింట్లు కలుస్తాయి. ఇంట్లో మాట్లాడే భాషకే మార్కులిచ్చే చోటు అది, చాలామంది విశాఖ పిల్లలకు తెలియదు. కెనడాలో 20 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుకు పూర్తి పాయింట్లు, ముప్ఫై నుంచి ఏడాదికింత తగ్గుతూ 45కి సున్నా అవుతుంది. అంటే 23 ఏళ్ల అమ్మాయికీ, స్టీల్‌ప్లాంట్‌లో పదిహేనేళ్లు చేసి ఇప్పుడు వెళ్దామనుకుంటున్న 39 ఏళ్ల ఇంజినీరుకూ కెనడా ఒకే దేశం కాదు. పక్కింటివాళ్ల అబ్బాయికి పీఆర్ (స్థిర నివాసం) వచ్చిందన్న మాట ఇక్కడ ఎవరికీ పనికిరాదు.

ఈ లెక్కల్లోనూ గీతలు జరుగుతుంటాయి. కెనడా విద్యార్థులు చూపించాల్సిన జీవన వ్యయం 2024 జనవరి నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635కి పెరిగింది, అదే నెలలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టారు. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు కాని మాస్టర్స్ విద్యార్థులు భార్యాభర్తలను, పిల్లలను తెచ్చుకోకుండా ఆపింది. 2025 జూలైలో కేర్ వర్కర్ల కొత్త నియామకాలకు విదేశాల నుంచి తలుపు మూసింది. స్థిర నివాసానికి ఐదేళ్ల నిరీక్షణను పదేళ్లు చేస్తామని అదే ఏడాది మేలో శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. అప్పు చేసి ఆ దారిలో సగం వెళ్లినవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఒకే తలుపున్న దేశం కన్నా, ఒకటి మూసుకుంటే ఇంకొకటి తెరిచి ఉండే దేశం మేలు.

జర్మనీకి ఇప్పుడు అంత గిరాకీ రావడానికి కారణం ఇదే. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం మనలాంటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత చొప్పునే తీయగల ఖాతా) వేసి చూపించాలి. బ్లూ కార్డు (నిపుణుల ఉద్యోగ అనుమతి) మీద ఉద్యోగం చేస్తూ బీ1 అనే మధ్య స్థాయి జర్మన్ నేర్చుకుంటే 21 నెలలకే స్థిర నివాసం అడగవచ్చు, ఏ1 దగ్గరే ఆగిపోతే 27 నెలలు. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి ఎనిమిదేళ్లకు బదులు ఐదేళ్లు చాలు. ఈ మెట్లన్నిటికీ తాళం చెవి భాషే. ఇంగ్లీషులో కోర్సు చేసి, తెలుగు రూమ్మేట్స్‌తో ఉండి, భాష నేర్చుకోకుండా రెండేళ్లు గడిపినవాళ్లు ఉద్యోగం దగ్గరే ఇరుక్కుంటున్నారు. నర్సులకైతే దాని పై మెట్టు బీ2 రానిదే రిజిస్ట్రేషనే కష్టం. విశాఖలో ఉండగానే బీ1 దాకా చదవడానికి పట్టే ఏడాది వృథా అనిపించవచ్చు, కానీ అక్కడ అద్దె కడుతూ నేర్చుకోవడం కన్నా అది ఎంతో చవక.

జపాన్ సంగతి ఒక్క మాటలో: నైపుణ్య కార్మికుల వీసాలో మొదటి రకం గరిష్ఠంగా ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. ఐదో ఏట ఏముందన్న ప్రశ్నకు జవాబు వీసా మీదే అచ్చయి ఉంటుంది.

వెంట వెళ్లే మనిషి

సంబంధం కుదిరినప్పుడు అబ్బాయి జీతం అడుగుతారు, వీసా పేరు అడుగుతారు. ఆ వీసా మీద అమ్మాయి ఉద్యోగం చేయవచ్చా అని అడిగే ఇల్లు ఇప్పటికీ తక్కువే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంటెక్ చేసి, నాలుగేళ్లు ఉద్యోగం చేసిన అమ్మాయి హెచ్-1బీ భర్త వెంట హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్తే, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియలో కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందేదాకా సాధారణంగా ఆమె పని చేయలేదు. అపార్ట్‌మెంట్, వారానికోసారి సరుకులు, భర్త ఆఫీసు నుంచి వచ్చే దాకా టీవీ. ఇలాంటి ఇళ్లలో వచ్చే దిగులుకు ఆమె స్వభావాన్ని తప్పుపట్టడం అన్యాయం, దానికి కారణం వీసా వర్గం. అదే జంట జర్మనీలో నైపుణ్య ఉద్యోగి కుటుంబంగా ఉంటే భార్యకు వెంటనే పని హక్కు ఉంటుంది. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ల భార్యాభర్తలకు, ఆస్ట్రేలియా పీఆర్ కుటుంబాలకు కూడా అంతే. కెనడా 2025 జనవరి నుంచి భార్యాభర్తల ఓపెన్ వర్క్ పర్మిట్లను కొన్ని వర్గాలకే పరిమితం చేసింది. దేశం ఎంచుకోవడంలో ఈ ఒక్క విషయానికి జీతంతో సమానమైన బరువు ఇవ్వాలి. ఇద్దరి జీవితాలు ఒకరి కాగితం మీద వేలాడకూడదు.

తల్లిదండ్రుల లెక్క గడియారంతో మొదలవుతుంది. విశాఖలో రాత్రి తొమ్మిదైతే దుబాయ్‌లో ఏడున్నర, సింగపూర్‌లో పదకొండున్నర, టొరంటోలో ఉదయం పదిన్నర, వేసవిలో పదకొండున్నర. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పని దిగి అమ్మతో మాట్లాడగలడు. అమెరికాలో ఉన్న కూతురు తన పొద్దునో వీళ్ల పొద్దునో వదులుకోవాలి. అర్ధరాత్రి నాన్నను కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లారన్న ఫోన్ వస్తే, సింగపూర్ నుంచి విశాఖకు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. డాలస్ నుంచి ఎంత తొందరపడినా ఒక రోజు పడుతుంది. కెనడా సూపర్ వీసా మీద తల్లిదండ్రులు ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండవచ్చు, ఆరోగ్య బీమా మాత్రం కొనాలి. అమెరికా విజిటర్ వీసాలో మామూలుగా ఆరు నెలలు. ఒక్కడే కొడుకు, ఒక్కతే కూతురు ఉన్న ఇళ్లు పెరుగుతున్న కొద్దీ ఈ సౌకర్యాలు చిన్న విషయాలు కావు. సింగపూర్‌కు ఇంకో షరతుంది: తల్లిదండ్రుల ద్వారా పీఆర్ పొందిన మగపిల్లలు రెండేళ్ల జాతీయ సైనిక సేవ చేయాలి. పీఆర్ కాగితం నింపేటప్పుడు ఒళ్లో ఉన్న పిల్లవాడి పద్దెనిమిదో ఏడు కూడా చూసుకోవాలి.

పౌరసత్వం దగ్గర భారత చట్టం ఖరాఖండీగా ఉంటుంది. ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజే మనది పోతుంది. దానికి బదులుగా ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు 2006లో హైదరాబాద్ ప్రవాసీ దివస్‌లో మొదలైంది. దానితో ఎన్నాళ్లైనా ఉండవచ్చు, ఓటు మాత్రం లేదు. ఉత్తరాంధ్రవాళ్లకు ఎక్కువ తగిలేది భూమి విషయం. ఎన్‌ఆర్‌ఐలైనా ఓసీఐ ఉన్నవాళ్లైనా వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. అనకాపల్లిలో నాన్న పొలం వారసత్వంగా రావచ్చు. భోగాపురం కొత్త విమానాశ్రయం వైపు ఎకరాల లెక్కన అమ్మే భూమిని విదేశం నుంచి డబ్బు పంపి తమ పేరున రిజిస్టర్ చేయించుకుంటే మాత్రం విదేశీ మారక చట్టం (ఫెమా) ఉల్లంఘన అవుతుంది. ఇళ్ల స్థలాలకు, ఫ్లాట్లకు ఈ ఇబ్బంది లేదు. అలాగే వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను ఉండదు.

దిగిన తర్వాత

మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో ప్రయాణానికి ముందు రాత్రి ఇల్లు ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. ఆవకాయను మూడు కవర్లలో చుట్టి టేపు వేస్తారు. కందిపొడి, చింతపండు, సింహాచలం అప్పన్న కుంకుమ. తూచే హుక్కుకు తగిలించి ఎత్తితే 24 కిలోల 600 గ్రాములు. మళ్లీ తీయడం, మళ్లీ సర్దడం. ఆ హడావుడిలో అమ్మ ప్రేమగా మసాలాల పక్కన గసగసాల పొట్లం పెడుతుంది. యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో గసగసాలు నిషిద్ధం, మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కొడీన్, నొప్పి మాత్రల్లో ఉండే ట్రమడాల్‌కు కూడా యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తినుబండారాలన్నీ కార్డులో రాయాలి. రాసి చూపిస్తే చాలావరకు పంపిస్తారు, దాచి దొరికితే జరిమానా. పొట్లం చిన్నదే అయినా దాని వల్ల ఎయిర్‌పోర్టులోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మొదటి నెల కాగితాలతో గడిచిపోతుంది. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించాలి, అది లేకపోతే పన్ను నంబరూ కదలదు. అద్దె ఇళ్లలో చాలాసార్లు వంటగది గోడలు, నీళ్ల పైపు తప్ప ఏమీ ఉండవు. సింకు, పొయ్యి, అలమరాలు మనమే తెచ్చుకోవాలి. మన లైసెన్సుతో ఆరు నెలలు నడపవచ్చు, తర్వాత అక్కడి పరీక్షలు మొదటి నుంచీ రాయాలి. రాత్రి పది దాటాక మిక్సీ వేస్తే పై ఇంటివాళ్లు తలుపు కొడతారు. ఆదివారం డ్రిల్లింగ్ మిషన్ పెట్టకూడదు, దుకాణాలు ఉండవు. కెనడాలోనో అమెరికాలోనో అపార్ట్‌మెంట్‌లో ఇంకో అనుభవం ఎదురవుతుంది. మొదటి వారం పప్పుకు పోపు వేస్తారు, ఎండుమిర్చి వేగిన ఆ క్షణంలోనే స్మోక్ అలారం మోగుతుంది. కిటికీ తీసి, టవల్‌తో విసురుతూ నిలబడ్డ కుర్రాడికి ఆ రోజు ఇల్లు ఎంత దూరమో అర్థమవుతుంది.

అసలు కష్టం అప్పుడు కాదు, ఆ తర్వాత. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రే లీస్గార్డ్ 1955లో, అమెరికా వెళ్లొచ్చిన తన దేశపు ఫుల్‌బ్రైట్ స్కాలర్లను పరిశీలించి, ఆరు నెలల లోపు ఉన్నవాళ్ల కన్నా, పద్దెనిమిది నెలలు దాటినవాళ్ల కన్నా మధ్యకాలంలో ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారని రాశాడు. తర్వాతి పరిశోధనలన్నీ ఆ గీతను యథాతథంగా ఒప్పుకోలేదు గానీ, తెలుగువాళ్ల అనుభవం దానికి దగ్గరగానే ఉంటుంది. మొదట అంతా కొత్త, ఫోటోలు పంపడం సరిపోతుంది. తర్వాత చలికాలం వస్తుంది. డిసెంబర్‌లో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది. ఏడాది పొడుగునా సముద్రపు ఉక్కపోతలో పెరిగి, సాయంత్రమైతే ఆర్కే బీచ్‌లో నాలుగు మాటలు చెప్పుకుని ఇంటికొచ్చే అలవాటున్నవాడికి ఆ చీకటి మనసు మీద పడుతుంది. నిద్ర చెడుతుంది, వంట మానేస్తాడు, ఇంటికి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అంటాడు. ఇది బలహీనత అనుకుని దాచుకోవడం వల్లే ముదురుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ ఉచితం, వెళ్లడానికి సిగ్గుపడనక్కర్లేదు. పగటి వెలుగున్న గంటలో బయట నడవడం కూడా మందులాంటిదే.

తెలుగు స్నేహాలు లేకుండా ఆ దశ దాటడం కష్టం. ఉగాది పచ్చడి, గుడి, ఆదివారం క్రికెట్, పిల్లలకు మనబడి తరగతులు, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. అయితే ఉద్యోగం, ఇల్లు, స్నేహం మూడూ తెలుగు వాట్సాప్ గ్రూపులోనే దొరికితే ఆ దేశం కిటికీలోంచి చూసిన దేశంగానే ఉండిపోతుంది. వారానికి ఒక్క సాయంత్రమైనా అక్కడివాళ్లతో గడిచే పని ఒకటి పెట్టుకున్నవాళ్లు, అది ఈత క్లబ్బైనా, లైబ్రరీలో భాషా బృందమైనా, కంపెనీలో ఉద్యోగం పోయినప్పుడు కూడా తట్టుకుంటున్నారు. వాళ్లకు కబురు చెప్పే మనుషులు రెండు వైపులా ఉంటారు.

తిరిగి రావాలనుకునేవాళ్లు ఆ లెక్క కూడా వెళ్లేటప్పుడే వేసుకోవడం మంచిది. జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా లాంటి దేశాలతో భారత్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి, అక్కడ కట్టిన పింఛను కాలం వృథా పోకుండా అవి కాపాడతాయి. అమెరికాతో ఆ ఒప్పందం లేదు. అక్కడ 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని పూర్తి కాకుండా వచ్చేస్తే సోషల్ సెక్యూరిటీ కింద కట్టిన డబ్బు మీద ఆశ వదులుకోవాలి. చాలా ఏళ్లు బయట ఉండి తిరిగొచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను చట్టంలో ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసే గానీ మామూలు నివాసి కాదు) హోదా కొన్నాళ్లు దొరుకుతుంది. ఆ గడువులో విదేశంలో ఉన్న పెట్టుబడుల ఆదాయం మీద ఇక్కడ సాధారణంగా పన్ను పడదు, వాటిని సర్దుకోవడానికి అదే సమయం. పిల్లల విషయంలో గడువు ఇంకా తక్కువ. రెండో తరగతిలో వచ్చిన పిల్ల ఏడాదిలో తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఎనిమిదిలో వచ్చిన పిల్లవాడు క్లాసులో గుణింతాల పుస్తకం ముందు కూర్చోవాల్సి వస్తుంది. అమ్మమ్మతో ఫోన్లో తెలుగులో గలగలా మాట్లాడేవాడే, నల్లబల్ల మీద తన పేరు చదవలేడు.